మారియో పాఠాంతరాలు

కడపలో బ్రౌన్ దొర బంగళా ఉండిన చోట ఇప్పుడొక గ్రంథాలయం ఉంది. ఆ దారిన పోయే చదువుకున్నవాడెవడికైనా న్యాయంగా వేమన గుర్తుకు రావాలి. నాకు మాత్రం మారియో గుర్తుకొస్తాడు. అదేనండీ, ఎర్రటోపీ పెట్టుకుని, బుర్రమీసాలు పెంచుకుని, తాబేళ్లను తొక్కుకుంటూ, ఇటుకల్ని కిందినుంచి గుద్దుకుంటూ పోయే వీడియో గేము మారియో.

వేమనకూ మారియోకూ ఏమిటయ్యా సంబంధం అని మీరు కోప్పడేలోగా చెప్పేస్తాను. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. ఆ తర్వాత ఇక్కడే బంగళా కొన్నాడు, పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకున్నాడు, దొరికిన చోటనుంచల్లా తాటాకు ప్రతులు తెప్పించి వాళ్లచేత ఒకదానితో ఒకటి సరిచూపించాడు. ఒకే పద్యం ఒక ప్రతిలో ఒకలాగా, ఇంకొక ప్రతిలో ఇంకొకలాగా ఉంటుంది గదా! రాసేవాడు నిద్రమత్తులో ఒక అక్షరం మింగుతాడు. వాడు కాస్త తెలివైనవాడైతే తన సొంత కవిత్వం నాలుగు మాటలు కలుపుతాడు. పండితులు వీటినే పాఠాంతరాలంటారు. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు 693 ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించాడంటే, దాని వెనక ఇంత వడపోత ఉంది. ప్రతులన్నీ ముందు పెట్టుకున్న తర్వాతనే ఏది ఏమిటో తేల్చడం ఆ పద్ధతి. ఆ పద్ధతి నాకు పన్నెండో ఏట తెలిసివుంటే మా యింట్లో ఒక తగాదా తప్పివుండేది.

అది 1994 వేసవి. మా యిల్లు కర్నూలులో, కొండారెడ్డి బురుజుకు అంత దూరం కాదు. కర్నూలు ఎండల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. పదిగంటలు దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు. అలాంటి వేళ పిల్లలమందరం ఎక్కడికి మాయమవుతున్నామో చాలారోజులు పెద్దవాళ్లకు అంతుపట్టలేదు. మా వీధి చివర ఒక టైలరు కొట్టు ఉండేది. దాని వెనక చీకటిగదిలో నాలుగు చిన్న టీవీలు, కింద ఈతచాప, పైన కిర్రుమనే ఫ్యాను. అరగంట ఆటకు మూడు రూపాయలు. చేతిలో డబ్బుల్లేనివాడు కూడా లోపలికి రావచ్చు, కానీ వెనక నిలబడి నోరుమూసుకుని చూడాలి. ఆ రెండో షరతు ఎవడూ పాటించిన పాపాన పోలేదు.

అప్పట్లో మీడియా అనీ, సామురాయ్ అనీ, లిటిల్ మాస్టర్ అనీ రకరకాల పేర్లతో ఈ గేము డబ్బాలు మన దేశంలో అమ్ముడుపోయేవి. పేర్లెన్ని ఉన్నా లోపలి గోత్రం ఒకటే. జపానులో నింటెండో కంపెనీ 1983 జూలై 15న ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. దాని పోలికతో తయారైన డబ్బాలే ఇంచుమించు సగం ప్రపంచానికి వీడియో గేమంటే ఏమిటో నేర్పించాయి. ఈ నింటెండో ఇవాళ్టి కంపెనీ కాదు. 1889లో క్యోటో నగరంలో పూలబొమ్మల పేకముక్కలు చేస్తూ మొదలైంది. దీని మూలం పేకాటలో ఉందని మా నాన్నకు తెలియకపోవడం నా అదృష్టం. తెలిసుంటే ఈతచాప దాకా కూడా పోనిచ్చేవాడు కాదు.

మారియో పుట్టుక కూడా తమాషాగానే ఉంటుంది. షిగెరు మియమోతో అనే ఆయన 1981లో డాంకీ కాంగ్ అనే ఆట కోసం ఒక బుల్లి వడ్రంగిని గీశాడు. వేలెడంత బొమ్మలో నోరు గీస్తే కనపడదు, అందుకని ముక్కు కింద మీసం పెట్టాడు. జుట్టు ఎగురుతున్నట్టు చూపించడం కష్టం, అందుకని టోపీ తగిలించాడు. అలా చేతగాక చేసిన సర్దుబాట్లే చివరికి అందరూ గుర్తుపట్టే మొహమైపోయాయి. అమెరికాలో ఆ కంపెనీకి గిడ్డంగి అద్దెకిచ్చిన ఇంటి యజమాని పేరు మారియో. ఆ పేరే ఈయనకు పెట్టారు. అద్దెకున్నవాళ్లు ఇంటివాడి పేరు ఇంతగా నిలబెట్టిన ఉదంతం మరొకటి నేను వినలేదు. తర్వాత వడ్రంగి కాస్తా పైపులు బాగుచేసే ప్లంబరయ్యాడు. 1985 సెప్టెంబరు 13న ‘సూపర్ మారియో బ్రదర్స్’ వచ్చింది. ఇక చూసుకోండి.

ఆ ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. ఈ రోజు మన ఫోనులో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటే అంతకంటే ఎక్కువ తూగుతుంది. ఇంత ఇరుకులో ముప్పై రెండు ఘట్టాల లోకాన్ని ఎలా పట్టించారో! మన గృహిణులు నిన్నటి అన్నాన్ని ఇవాళ చిత్రాన్నం చేసినట్టు, వాళ్లు ఒకే బొమ్మను రెండుచోట్ల వాడుకున్నారు. ఆకాశంలో తెల్లగా తేలే మేఘమూ, నేలమీద పచ్చగా కనిపించే పొదా నిజానికి ఒకే బొమ్మ. రంగొక్కటే తేడా. నేను ఎన్ని వందలసార్లు ఆ పొదల ముందునుంచి పరిగెత్తానో, ఒక్కసారి కూడా కనిపెట్టలేదు.

ఇక కథలోకి వస్తాను. మా చిన్నాన్న కువైట్‌లో పనిచేసేవాడు. కడపజిల్లావాళ్లకు కువైట్ పరాయిదేశం కాదు. రాజంపేట, రాయచోటి వైపు ఊళ్లలో నలుగురు కూర్చుంటే అందులో ఒకరి మనిషైనా అక్కడుంటాడు. ఆయన సెలవుకు వచ్చినప్పుడు కడపలో ఉన్న తన కొడుక్కి ఒక గేము డబ్బా, పసుపు రంగు కేసెట్టు తెచ్చాడు. అంటే మాకు అరగంటకు మూడు రూపాయలు, వాడికి ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఉచితం. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. ఆ వేసవిలో చిన్నమ్మతో కలిసి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో కర్నూలు వచ్చాడు. డబ్బా మాత్రం తేలేదు. పగిలిపోతుందని చిన్నమ్మ బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చింది.

మొదటి రాత్రే మిద్దెమీద పడుకుని మారియో కబుర్లు మొదలుపెట్టాం.

“అన్నా, మీ మారియోలో పుట్టగొడుగు తింటే ఏమైతాది?” అన్నాడు.

“పెద్దోడైతాడు. అది గూడా తెలీదా?”

“మాదాంట్లో ఒగ పుట్టగొడుగు తింటే సచ్చిపోతాడునా.”

నేను నవ్వాను. వాడు ఊరుకోలేదు. తమ మారియోలో గాలి వీస్తుందనీ, మనిషిని తోసుకుపోతుందనీ చెప్పాడు. పై లోకానికి అడ్డదారి అనుకుని పైపులో దిగితే ముందుకు పంపకుండా వెనక్కి, మొదటి లోకానికి పంపుతుందని చెప్పాడు. అన్నిటికన్నా వింత, మారియో తమ్ముడు లూయీజీ అన్నకన్నా ఎత్తు ఎగురుతాడట, కానీ ఆగబోతే జర్రున జారుతాడట! మా కొట్టులో లూయీజీ అంటే రంగు మార్చిన మారియోనే. రెండో ఆటగాడికి మిగిలేవాడు. అన్న చస్తే తప్ప తమ్ముడికి ఆట రాదు. వాడికి ప్రత్యేకమైన గుణాలు ఉండటం మా శాస్త్రంలో లేదు.

మర్నాడు వాడిని టైలరు కొట్టుకు తీసుకుపోయి సభలో నిలబెట్టాను. వాడు అందరిముందూ అదే మాట చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. “కడపోళ్లకు మారియో గూడా సచ్చేదే వస్తాదిరా” అని ఒకడన్నాడు. ఐదు రూపాయల పందెం పడింది. నాలుగు టీవీల్లోనూ మారియో పుట్టగొడుగులు తిని నిక్షేపంగా పెరిగాడు. వాడు ఓడిపోయాడు. నేను అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఇంటికొచ్చి అవ్వ ముందు పంచాయితీ పెట్టాను, వీడు అబద్ధాలు చెప్తున్నాడని.

అవ్వకు మారియో ఎవరో తెలియదు. అబద్ధం మాత్రం తెలుసు. “దీపం మింద ఒట్టేసి చెప్పు నాయనా” అంది. వాడు ఏమాత్రం తడుముకోకుండా దీపం దగ్గర చెయ్యి పెట్టి ఒట్టేశాడు. కొట్టుకొచ్చిన పిల్లలు నలుగురు నా తరఫున సాక్ష్యం చెప్పారు. దేవుడి ముందు తప్పుడు ఒట్టు వేశాడని చిన్నమ్మ వాడి వీపు వాయగొట్టింది. వాడు ఏడ్చాడు కానీ మాట మాత్రం మార్చలేదు. మర్నాడే పొద్దున బస్సుకు వెళ్లిపోయారు. ఆ తర్వాత వేసవి సెలవులకు వాడు కర్నూలు రాలేదు. పెళ్లిళ్లలో కనిపించేవాడు. “బాగున్నావానా” అంటే “బాగున్నా” అనుకునేవాళ్లం, అంతే. ఆ ఐదు రూపాయలతో నేను యాభై నిమిషాలు ఆడాను.

సుమారు ఏడెనిమిదేళ్లు గడిచాయి. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. ఉద్యోగ ప్రకటనలు చూడటానికని వెళ్లి, ఆ పనికన్నా పాత ఆటలు కంప్యూటరులో నడిపించే ప్రోగ్రాములు వెతకడమే ఎక్కువ చేసేవాణ్ణి. ఒకరోజు మారియో జాబితాలో మొదటిదాని పక్కనే ‘2’ అని ఉంది. తెరిచాను. అదే నీలాకాశం, అవే ఇటుకలు, అదే పాట. మొదటి ఘట్టంలోనే ప్రశ్నార్థకం డబ్బాను గుద్దితే ఒక పుట్టగొడుగు బయటికొచ్చింది. రంగు కాస్త తేడాగా ఉంది. అలవాటు ప్రకారం ఎదురెళ్లి తిన్నాను. మారియో చచ్చిపోయాడు.

ఆ సెంటరులో నా ముఖం చూసినవాడు ఉద్యోగం రాలేదనుకుని ఉంటాడు.

అసలు విషయమేమిటంటే, జపానులో 1986 జూన్‌లోనే రెండో మారియో వచ్చింది. మొదటి ఆటను తిరగేసి మరగేసి ఆడి ఆరితేరినవాళ్ల కోసం చేసిన ఆట అది. విషపు పుట్టగొడుగూ, గాలీ, వెనక్కి పంపే పైపూ, ఎత్తెగిరి జారే లూయీజీ అన్నీ అందులో ఉన్నాయి. మా తమ్ముడు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కల్పితం లేదు. అది డిస్కు మీద వచ్చిన ఆట. డిస్కు యంత్రం జపాను దాటి రాలేదు. నకలు చేసేవాళ్లు మాత్రం దాన్ని కేసెట్టులోకి ఎక్కించి లోకం మీదికి వదిలారు. అలాంటిదొకటి కువైట్ మీదుగా కడపకు చేరింది. తెరమీద పేరు చివర 2 అని ఉండేది కదా, ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదురా అంటే, ఇద్దరు ఆడే ఆట కాబోలు అనుకున్నాడట.

మరి ఇది అమెరికాకెందుకు పోలేదంటారా? చాలా కష్టంగా ఉంది, మనవాళ్లు విసుక్కుంటారని అక్కడి శాఖవాళ్లు భయపడ్డారు. దానికి బదులు 1987లో జపానులో వచ్చిన మరో ఆటను తీసుకుని, అందులోని అరబ్బు కుటుంబం తలలు తీసేసి మారియో బృందం తలలు పెట్టి, 1988లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ అని అమ్మారు. మన డబ్బింగు సినిమాలు నయం, మాటలే మారుస్తారు. ఆ తర్వాత ఈ అమెరికా రెండోది 1992లో ‘సూపర్ మారియో యుఎస్ఏ’ అనే పేరుతో జపానుకే తిరిగొచ్చింది. జపాను రెండోది 1993లో ‘లాస్ట్ లెవెల్స్’ అనే పేరుతో అమెరికా చేరింది. కూతురినిచ్చి కూతురిని తెచ్చుకునే కుండమార్పిడి సంబంధంలాగా లేదూ?

ఒకసారి పురుగు కుట్టాక ఊరుకుంటుందా? నాకు దొరికిన ప్రతులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. 1986లో జపానులోని పీసీ-8801 కంప్యూటరు కోసం హడ్సన్ కంపెనీ ఒక మారియో చేసింది. అసలు ఆటలో అందమంతా మనిషి నడుస్తుంటే లోకం వెనక్కి జరుగుతూ పోవడంలో ఉంది. ఆ కంప్యూటరుకు అలా జరపడం చేతకాలేదు. మారియో అంచుదాకా పోయాక ఒక్కసారిగా మరో తెర వస్తుంది. దూకినవాడికి అవతల నేలుందో గుంటుందో తెలియదు. అదే ఏడు నాణేలు వేసి ఆడే యంత్రాలకూ ఒక మారియో వచ్చింది. అందులో ఘట్టాలు కొన్ని కఠినమైనవి పెట్టారు. వ్యాపారం గదా, ఆటగాడు త్వరగా చావాలి, మళ్లీ నాణెం వెయ్యాలి.

1993లో సూపర్ నింటెండోకు ‘ఆల్ స్టార్స్’ వచ్చింది. బొమ్మలన్నీ కొత్తగా, అందంగా గీశారు. ఆపినచోటునుంచి మళ్లీ మొదలుపెట్టే సౌకర్యమూ ఇచ్చారు. కరెంటు పోతే మొదటికొచ్చే మావంటివాళ్లకు అది వరప్రసాదమే. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, అందులో ఇటుకను గుద్ది పగలగొడితే మారియో కిందికి రావలసింది పోయి ఇంకాస్త పైకే పోతాడు. చేతికి పాత లెక్క అలవాటైనవాడికి కాలికింద మెట్టు తప్పినట్టుంటుంది. 1999లో జేబులో పట్టే గేమ్‌బాయ్ కలరుకు ‘డీలక్స్’ వచ్చింది. దాని తెరేమో అడ్డం 160, నిలువు 144 చుక్కలు. పాతది 256కు 240. ఇంటి గోడను కిటికీలోంచి చూసినట్టు ఆకాశమో నేలో ఏదో ఒకటే కనపడుతుంది. తల పైకెత్తి, కిందికి దించి చూసుకోవడానికి మీట పెట్టారు.

అయితే నన్ను నిలువునా పడగొట్టిన పాఠాంతరం ఇవేవీ కాదు. మన కర్నూలుదే! ఇంటర్నెట్ సెంటరులో మొదటి మారియో పెట్టుకుని, పాత వీరుణ్ణి గదా అని మీసం దువ్వి పరిగెత్తించాను. ఎదురొచ్చిన మొట్టమొదటి పుట్టగొడుగు రాక్షసుడికే గుద్దుకుని చచ్చాను. మళ్లీ ఆడాను, మళ్లీ చచ్చాను. వయసు మీద పడిందేమో అనుకున్నాను, ఇరవై ఏళ్లకే! కారణం తర్వాత తెలిసింది. జపాను, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తాయి. మన దేశపు పాల్ పద్ధతి టీవీలు 50 సార్లు గీసేవి. మారియో ప్రోగ్రాము కాలాన్నంతా ఆ గీతలతోనే లెక్కపెడుతుంది. యూరపుకు పంపినప్పుడు నింటెండోవాళ్లు ఈ తేడా చూసుకుని పరుగు లెక్కలు సవరించారు. నకలు డబ్బాలకు సవరించేవాడెవడు? జపాను కేసెట్టును అలాగే 50 మీద నడిపితే ఆట ఆరింట ఐదోవంతు వేగంతో సాగుతుంది. తెరమీద 400 అని కనిపించే గడువు అక్కడ 160 సెకన్లకు అయిపోతే మన దగ్గర 192 సెకన్లు పడుతుంది.

అంటే మేము వీరులమనుకున్నది కొంతవరకు ఆ నెమ్మది చలవ. కోజీ కొండో కట్టిన ఆ పాట కూడా శ్రుతి ఇంచుమించు మారకుండా కాలం తగ్గించి పాడినట్టు మాకు వినిపించేది. మాకు అదే అసలు పాట. ఇప్పటికీ జపాను వేగంతో వింటే ఎవరో బస్సు అందుకోవాలని తరుముతున్నట్టుంటుంది. ఇంకో లెక్క కూడా తేలింది. టీవీ నెమ్మదిగా నడిచినా షాపువాడి గోడ గడియారం నెమ్మదిగా నడవలేదు. మూడు రూపాయలిచ్చి అరగంట ఆడితే మాకు దక్కింది ఇరవై ఐదు నిమిషాల ఆటే. తమ్ముడి దగ్గర గెలుచుకున్న ఐదు రూపాయల్లోనూ ఆ తరుగు పోయింది. పాపపు సొమ్ము గదా!

ఇన్ని ప్రతులు చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. మా ఇద్దరివీ రెండు ప్రతులు. నేను నా ప్రతి ఒక్కటే చదివి, రెండోది బీరువాలో తాళం వేసి ఉండగానే తీర్పు చెప్పించాను. నలుగురు సాక్షులూ నిజమే చెప్పారు, అయినా న్యాయం జరగలేదు.

ఇదంతా తెలిసిన మర్నాడే తమ్ముడికి చెప్పివుండాలి. చెప్పలేదు. ఇంత చిన్న సంగతికి ఫోను చెయ్యాలా అనుకున్నాను. ఆ చిన్న సంగతి మీద ఒక పిల్లవాడు దీపం ముందు దెబ్బలు తిన్నాడని తెలిసీ అలాగే అనుకున్నాను. అవ్వ పోయింది. మనవడు ఒట్టు తప్పాడనే అనుకుంటూ పోయింది. ఆమెకు చెప్పే వీలు ఇక లేదు.

వాడూ తండ్రిలాగే కువైట్ వెళ్లాడు. పోయిన ఏడు చిన్నమ్మకు ఒంట్లో బాగాలేదంటే కడపకు వెళ్లాను. తిరిగొస్తూ ఆ గ్రంథాలయం దగ్గర బండి ఆపుకుని ఫోను చేశాను. తల్లి ఆరోగ్యం సంగతి చెప్పాను, ఎండల సంగతి చెప్పాను, ఉగ్గాని బజ్జీ తిన్న సంగతి కూడా చెప్పాను. చివరకు ఎలాగో గొంతు పెగుల్చుకుని, “అబ్బీ, ఆ పుట్టగొడుగు తింటే నిజంగానే చస్తాడురా” అన్నాను.

కాసేపు మాట రాలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

“యాడ చూసినావునా?” అన్నాడు.

చెప్పాను. 1986 నుంచీ మొదలుపెట్టి అన్ని ప్రతుల సంగతీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక, “మాయమ్మకు చెప్పినావా?” అని అడిగాడు.

బండి వెనక్కి తిప్పాను. చిన్నమ్మ మంచంమీద పడుకుని ఉంది. పక్కన కూర్చుని, 1994లో వాడు వేసింది తప్పుడు ఒట్టు కాదని, తప్పు నాదని చెప్పాను. ఆమెకు మారియో ఇప్పటికీ తెలియదు. అయినా అంతా విని, “ఆ పొద్దు వాడు బస్సులో కడపదాకా ఒగటే చెప్పినాడు నాయనా, నేనే నమ్మల్యా” అంది. తర్వాత లేచి కూర్చుని, ఫోను కలిపి ఇమ్మంది.

నేను కలిపి ఇచ్చి, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను.